పని చెప్పడం మానేసిన వీధి

నా చిన్నప్పుడు మేం బుసైతీన్‌లో, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్ళం. మా నాన్నగారికి మనామాలో ఒక కంపెనీలో గుమస్తా ఉద్యోగం. కాకినాడ వదిలి వచ్చిన మా అమ్మకి ఆ వీధే ఊరు, ఆ వీధి దుకాణాలే చుట్టాలు. వీధి మొదట్లో ఒక బహ్రెయినీ ముసలాయన రొట్టెల పొయ్యి ఉండేది. దాని పక్కన ఒక మలయాళీ కిరాణా కొట్టు, ఎదురుగా చాయ్ దుకాణం, ఆ తర్వాత మా గోడకి ఆనుకునే దర్జీ కొట్టు. ఆ కొట్టు వెనక రెండు గదుల్లో పక్కింటి అక్క, ఆవిడ భర్త కాపురం ఉండేవారు.

వాళ్ళది జగిత్యాల దగ్గర ఏదో పల్లె. ఆయనకి కఫీల్, అంటే వీసాకి పూచీ పడే అరబ్బు యజమాని, దర్జీ పని మీద వీసా ఇచ్చాడట. ఆయన వెంట తెచ్చిన బట్టల్లో అక్క చేతి కుట్టు చూసి కఫీల్ తల్లికి నచ్చి, ఆవిడని కూడా రప్పించుకుందట. వాళ్ళకి పిల్లలు లేరు. వయసులో మా అమ్మ కన్నా రెండు మూడేళ్ళే చిన్న అయినా, వీధి వెనకున్న క్యాంపులోని తెలంగాణ కూలీలందరూ ఆవిడని అక్కా అని పిలిచేవారు కాబట్టి నాకూ అక్కే అయింది. బహ్రెయిన్‌ని ఆవిడ ఎప్పుడూ దుబాయి అనేది. "ఇది దుబాయి కాదక్కా" అని నేను సరిచేయబోతే, "మా దిక్కు మోటరెక్కితె పట్నం, ఇమానమెక్కితె దుబాయి. గంతే బిడ్డా" అని నవ్వేది.

ఒక చలికాలం బహ్రెయిన్‌లో పెద్ద వాన పడింది. ఆ దేశంలో వాన అంటే మాకు పండగ. ఏడాదికి ఒకటి రెండు సార్లు నాలుగు చినుకులు పడితే పిల్లలం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. ఆసారి మాత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. నీళ్ళు పోవడానికి కాలవల్లేవు. వీధి వీధంతా మడుగైపోయింది. మా ఇళ్ళ గడపలు ఎత్తు కాబట్టి మాకేం కాలేదు కానీ, వెనకున్న క్యాంపు పల్లంలో ఉంది. రేకుల గదుల్లోకి నీళ్ళు చేరి పరుపులు, దుప్పట్లు, బియ్యం, అన్నీ తడిసిపోయాయి. డ్యూటీలు లేవు. పొయ్యిలు వెలగలేదు. ఆ మనుషులు ఒక మూసి ఉన్న దుకాణం పంచలో గోడకి అతుక్కుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మా అమ్మ ప్రాణం ఊరుకోలేదు. పెద్ద గిన్నెతో పులిహోర కలిపి, క్యారేజీల్లో సర్ది, నన్నూ నాన్నగారినీ పంపింది. నాన్నగారు మర్యాదగానే అన్నారు, "మా ఇంట్లోంచి తెచ్చాం, తినండి బాబూ" అని. వాళ్ళలో పెద్దాయన ఒకడు దండం పెట్టాడు. "తిన్నం సారూ. మాకేం వద్దు" అన్నాడు. మిగిలినవాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళు తినలేదని చిన్నపిల్లనైన నాకే తెలుస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క చెయ్యి ముందుకి రాలేదు. తీసుకెళ్ళిన క్యారేజీలు తీసుకెళ్ళినట్టే వెనక్కి తెచ్చాం. రొట్టెల ముసలాయన పంపిన రొట్టెలూ అలాగే తిరిగి వచ్చాయి.

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పక్కింటి అక్క గోడ మీంచి తొంగిచూసి, "నువ్వు పెట్టినట్టు అవుపడితే వాళ్లెట్ల తింటరు వదినె? జరసేపు ఆగు" అంది.

నేను అక్క వెనకే వాళ్ళ కొట్టులోకి వెళ్ళాను. కొట్టు పొడిగా, శుభ్రంగా ఉంది. కుట్టు మిషన్లు, గోడవారన యూనిఫారాల కోసం తెప్పించిన తెల్లగుడ్డ, నీలంగుడ్డ తానులు. అక్క వాటి వంక ఒకసారి చూసి, లోపలికెళ్ళి బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి కొట్టు నడిమధ్యలో గుమ్మరించింది. మళ్ళీ వెళ్ళి ఇంకో బకెట్టు తెచ్చింది. ఈసారి కింద ఉన్న తాను మీద కూడా పోసింది. ఆవిడ భర్త మిషను దగ్గర కూచుని చూస్తూనే ఉన్నాడు. "పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు కానీ, అప్పటికే తన కాళ్ళు పైకి పెట్టుకుని నవ్వుతున్నాడు. అక్క నన్ను దగ్గరికి లాక్కుని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. ఎవ్వలకు చెప్పద్దు. తెలిసిందనుకో, వాళ్లకు ముద్ద గొంతు దిగది."

నేను ఒట్టు వేశాను.

అప్పుడు అక్క వీధిలోకి పరిగెత్తింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, కొంప మునిగినట్టే కేకలు పెట్టింది. "ఓ తమ్మీ! జర రాండ్రే! దుకాణంల నీళ్లు జొచ్చినయ్! తానులన్ని ఖరాబైతున్నయ్, మీ బావతోని ఒక్కనితోని అయితలేదు!"

అంతసేపూ గోడకి అతుక్కుని ఉన్న మనుషులు ఒక్కసారి కదిలారు. ఆ కదలిక నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. చేతులు కట్టుకుని ముడుచుకుపోయినవాళ్ళు పరుగున వచ్చి, మిషన్లు ఎత్తి బల్లల మీద పెట్టారు. తానులు మోశారు. నీళ్ళు తోడి పోశారు. కొట్టు అయిపోయాక ఎవరూ చెప్పకుండానే వీధిలోకి దిగారు. రొట్టెల ముసలాయన పిండి బస్తాలు ఎత్తుకి చేర్చారు. వీధి చివర ఒంటరిగా ఉండే ఒక బహ్రెయినీ అవ్వ ముంగిలి నీళ్ళతో నిండిపోతే, పారలు తెచ్చి సముద్రం వైపు కాలవ తవ్వారు. వాళ్ళని చూసి ఆ వీధి అరబ్బు కుర్రాళ్ళు కూడా పొడుగు తెల్ల అంగీలు పైకి మడిచి, యల్లా యల్లా అంటూ దిగారు. మా నాన్నగారు సైతం ప్యాంటు మడిచి బకెట్టు పట్టుకున్నారు.

పని అయ్యేసరికి సాయంత్రమైంది. అక్క గడపకి అడ్డంగా నిలబడింది. "నా ఇంట్ల పని జేసి, తినకుంట పోతరా? నాకు పాపం సుట్టవెడ్తరా ఏంది?" అని దబాయించింది. ఇక వాళ్ళు కాదనలేకపోయారు. అమ్మ పులిహోర, ముసలాయన రొట్టెలు, కిరాణా కొట్టాయన ఇచ్చిన గుడ్లు, చాయ్ దుకాణం నుంచి చాయ్. అందరూ కలిసి కూచుని తిన్నారు. పొద్దున దండం పెట్టి వద్దన్న పెద్దాయన "ఇంకొంచెం ఎయ్యి తల్లీ" అని అమ్మని అడిగి మరీ పెట్టించుకున్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది.

తడిసిన తానుని అక్కా నేనూ మేడ మీద ఆరేస్తుంటే ఆవిడ అన్న మాట ఇది. "మనిషికి పెట్టాల్నంటే ముందుగాల ఆ మనిషిని ఏదన్న అడగాలె బిడ్డా. ఉత్తగ పెడితె తీసుకునే చెయ్యి చిన్నబోతది."

ఆ వాన తర్వాత మా వీధి మారిపోయింది. శుక్రవారం సెలవు కదా, క్యాంపు మనుషులు కొందరు వచ్చి అవ్వ ముంగిలి గోడ కట్టారు. రొట్టెల పొయ్యి ముందు అరుగు వేశారు. అరబ్బు కుర్రాళ్ళు బండి మీద ఇసుక తెచ్చి గుంటలు పూడ్చారు. దుకాణాలవాళ్ళు తిండీ చాయ్ చూసుకునేవారు. క్యాంపులో ఎవరికి జ్వరం వచ్చినా కిరాణా కొట్టాయన ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఎవరికైనా ఊరి నుంచి ఉత్తరం వస్తే మా నాన్నగారు చదివిపెట్టేవారు. వీటన్నిటి వెనకా అక్క ఉండేది. ఆవిడకి ఎప్పుడూ ఏదో ఒకటి చెడిపోయి ఉండేది, ఎవరో ఒకరి సాయం కావలసి ఉండేది. అందులో ఎన్ని నిజంగా చెడిపోయాయో నాకూ ఆవిడకీ మాత్రమే తెలుసు.

తర్వాత కంపెనీ ఆ క్యాంపుని ఎత్తేసి మనుషుల్ని సఖీర్ వైపు ఎక్కడో కొత్త సైటుకి తరలించింది. వీధి కొంచెం బోసిపోయింది. ఆ మరుసటేడే అక్క భర్తకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మిషను మీద కూచోలేకపోయాడు. ఆసుపత్రి, ఇల్లు, మళ్ళీ ఆసుపత్రి.

ఇక్కడే మా వీధి ఒక పొరపాటు చేసింది. అది చెడ్డ మనసుతో చేసింది కాదు. మంచి మనసుతో చేసింది. మనిషి మంచం మీద ఉంటే ఈవిడకి ఇంకా పని చెబుతామా అనుకున్నారు అందరూ. చాయ్ దుకాణం తెరలు వేరేచోట కుట్టించారు. కిరాణా కొట్టాయన పిల్లల బట్టలు ముహర్రక్ బజారులో కొన్నాడు. మా అమ్మ ట్రంకు పెట్టెలో జాకెట్ గుడ్డలు కుట్టించకుండా అలాగే ఉంచేసింది. నేను గోడకి ఇవతల చాప మీద కూచుని హోంవర్కు చేసుకుంటూ అక్క మిషను చప్పుడు వినేదాన్ని. ఆ చప్పుడు రోజురోజుకీ తగ్గింది. ఆవిడకి విశ్రాంతి దొరుకుతోందని అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. కూచోమన్నా కూచోలేదు.

"వదినె, జాకెట్ గుడ్డలేమన్న ఉన్నయా? కుట్టి ఇస్త."

"ఇప్పుడెందుకమ్మా? ముందు ఆయన్ని చూసుకో. నా జాకెట్లకేం తొందర" అంది అమ్మ, ఎంతో ప్రేమగా.

అక్క కొంగు సర్దుకుంది. "సరే వదినె" అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అమ్మ క్యారేజీ నిండా అన్నం, పప్పు, కూర సర్ది నా చేతికిచ్చి పంపింది. అక్క తలుపు సగమే తీసింది.

"తిన్నం బిడ్డా. అమ్మకు చెప్పు, మాకేం తక్కువ లేదని."

క్యారేజీ ఎంత బరువుతో వెళ్ళిందో అంత బరువుతోనే వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఎవరు ఏది పంపినా అంతే. ఆవిడకి అభిమానం ఎక్కువ అని అమ్మ అంటే, నాన్నగారు తల ఊపారు.

కొన్నాళ్ళకి కఫీల్ వచ్చాడు. మంచి మనిషే. పని లేని కొట్టుకి అద్దె, లైసెన్సు తను ఎంతకాలమని కట్టగలడు? ఖలాస్ అన్నాడు, బాధగానే. బోర్డు దించేశారు. అక్కావాళ్ళు ఊరికి వెళ్ళిపోతున్నారని వీధికి తెలిసేసరికి సామాన్ కట్టడం కూడా అయిపోయింది.

వెళ్ళేరోజు వీధంతా వచ్చింది. భర్తని మెల్లగా కారులో కూచోబెట్టి అక్క వెనక్కి తిరిగింది. రొట్టెల ముసలాయన తనకొచ్చిన హిందీలో, కష్టంగా ఉందని మాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు. అక్క కూడా హిందీలోనే, చాలా మామూలుగా జవాబిచ్చింది. "పని అడిగిన కదా బాబా. నిన్ను అడిగిన, చాయ్ భాయ్‌ని అడిగిన. అందరు లేదన్నరు" అని దాని అర్థం. నిష్ఠూరం లేదు అందులో. ఉన్నమాట చెప్పిందంతే. మా అమ్మ చెయ్యి పట్టుకుని, "పోయొస్త వదినె" అంది. నా తల నిమిరింది. కారు మలుపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చాక నేను ఏడుస్తూ అమ్మకి బకెట్టు నీళ్ళ సంగతి చెప్పేశాను. ఆ కొట్టులోకి వాన నీళ్ళు అసలు రానేలేదని, అక్కే పోసిందని, అడగకుండా పెడితే చెయ్యి చిన్నబోతుందని అందనీ చెప్పాను. అమ్మ లేచి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచింది. జాకెట్ గుడ్డలు ఒళ్ళో వేసుకుని నేల మీదే కూచుండిపోయింది.

"పని అడగడానికే వచ్చిందే... నేను ఇప్పుడెందుకన్నాను" అంది.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు నేను బాధపడిన సందర్భం నా జీవితంలో అదొక్కటే. ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన జబ్బు నయమయ్యేది కాదేమో. కానీ గోడ అవతల మిషను ఇంకొన్నాళ్ళు తిరిగేది. ఆయన పోయాడన్న వార్త సఖీర్ వెళ్ళిన మనుషుల ద్వారా కొన్ని నెలలకి తెలిసింది. అక్క సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. పల్లె పేరు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పెద్దయ్యాక హైదరాబాదులో చదువుకున్న రోజుల్లో జగిత్యాల నుంచి వచ్చిన ప్రతి స్నేహితురాలినీ అడిగేదాన్ని. దర్జీ ఆవిడ, బహ్రెయిన్ వెళ్ళి వచ్చింది అని చెబితే, అట్లా దుబాయి పోయొచ్చినవాళ్ళు ఊరూరా ఉన్నారు అనేవారు.

పెళ్ళయ్యాక మళ్ళీ ఈ దీవికే వచ్చాను. ఇప్పుడు గలాలీలో ఉంటున్నాం. నాకు అరవై దగ్గరపడ్డాయి. ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం సెలవు రోజున క్యాంపులకి వెళ్ళి చేతనైన సాయం చేస్తుంటాం. ఈ మధ్య మా దగ్గర్లో ఒక కుటుంబం చిక్కుల్లో పడింది. భర్త ఉద్యోగం పోయింది. తలా ఇంత వేసుకుని ఇచ్చేద్దాం అన్నారు మావాళ్ళు. నేను ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మా శుక్రవారం సమావేశానికి అరిసెలూ జంతికలూ చేసిపెట్టగలవా అని అడిగాను. మొదట మొహమాటపడింది. తర్వాత తేరుకుని, బెల్లం ధర పెరిగిందాంటీ, ఆ రేటుకి నాకు గిట్టదు అని గట్టిగా బేరమాడింది. ఆ అమ్మాయి అలా తలెత్తి నాతో పేచీ పెట్టుకుంటుంటే నాకు కడుపు నిండిపోయింది.

ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం ఎప్పటిలాగే పక్కింటి అక్క గుర్తొచ్చింది. కష్టంలో ఉన్న మనిషి పని అడిగితే జాలిపడకూడదని, పని చెప్పాలని నాకు నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడ మా గడపలో నిలబడి అడిగిన రోజున, అది అర్థమైన మనిషి ఆ వీధిలో ఆవిడ తప్ప ఇంకెవరూ లేకపోయారు.