మద్దిలేటి తల రుమాలు

1957 ఎండాకాలం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు. ఊళ్ళో ఖాళీ పడిన రేకుల షెడ్లలో ఒకటి మా ఆసుపత్రికి దక్కితే, దాన్ని నాకిచ్చారు. నేను బొంబాయిలో ఆక్యుపేషనల్ థెరపీ చదివి వచ్చాను. గాయం మాన్పడం డాక్టరు పని. మానిన మనిషి తన పనులు తాను చేసుకునేలా చూడటం మా పని. కూలీ నాలీ ఒక్కటే కాదు, స్నానం, తిండి, తల దువ్వుకోవడం కూడా మా లెక్కలో పనులే. ఇది ఎంత చెప్పినా, నేను వేళ్ళ కసరత్తుకిచ్చే కొయ్యముక్కలు చూసి వార్డులో అందరూ నన్ను కొయ్యబొమ్మల టీచరమ్మ అనేవారు.

మద్దిలేటి బేతంచెర్ల బండల గనిలో రాళ్ళు కొట్టేవాడు. బండ జారి కుడిచెయ్యి నలిగితే మణికట్టు పైదాకా తీసేశారు. అలా మిగిలిన భాగాన్ని స్టంప్ అంటాం. గని యజమాని అతన్ని లారీల దగ్గర మేస్త్రీగా పెట్టుకుంటానన్నాడు. పీర్ల పండగ దాకా చూస్తాననీ, రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాననీ కూడా అన్నాడు. ఎడమచేత్తో తినడానికి మద్దిలేటి మొదట ఏడ్చాడు గానీ అదీ దాటాడు. చొక్కా తొడుక్కున్నాడు, బీడీ వెలిగించుకున్నాడు. ఇక నా పని అయిపోయిందనుకుని ఇంటికి పంపించాను.

పండగ దగ్గర పడ్డాక అతని భార్య సుంకమ్మ ఒక్కతే వచ్చింది.

"గడప దాటడం లేదమ్మా. పనికి పొమ్మంటే గోడ పక్కకు తిరిగి పండుకుంటాడు."

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"నొప్పి లే, ఏం లే. మొన్న నేనే తలకు రుమాలు కట్టి పంపిస్తి. వాకిట్లోనే ఇప్పేసి, మూలకేసి కూకున్నాడు."

వెంటబెట్టుకు రమ్మన్నాను. తల మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. రుమాలు ఎందుకు విప్పేశావని అడిగాను.

"మా నాయన సచ్చిపోతే, దినం నాడు మా మామ కట్టినాడమ్మా, నా తలకు. ఇంగొకరు కట్టేది అట్లాంటప్పుడే. దినామూ పెండ్లాంతో కట్టిచ్చుకుని కూలోళ్ళ ముందర యాడ నిలబడేది? వట్టి తలతో పోతే ఇంగా నగుబాటు."

టోపీలా పెట్టుకునే రుమాలు కుట్టించి ఇస్తానన్నాను.

"అది నాటకాలోళ్ళది," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చేతికందిన పని జారిపోతుంటే ఈ పట్టింపేమిటనిపించింది. కానీ ఏ పని ముఖ్యమో చెప్పాల్సింది రోగేనని, మనం కాదని బొంబాయిలో మొదటి రోజే నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. రుమాలు లేకుండా అతనికి మేస్త్రీ పని లేదు. కాబట్టి రుమాలు కట్టుకోవడమే ఇప్పుడు నా వైద్యం.

ఒక పనిని చిన్నచిన్న కదలికలుగా విడదీసి చూడటాన్ని యాక్టివిటీ అనాలిసిస్ అంటాం. నేను జన్మలో రుమాలు చుట్టింది లేదు. తలుపు వేసుకుని, కుడిచెయ్యి నడుముకు కట్టేసుకుని, నా తలకే చుట్టుకుని చూశాను. స్టాఫ్ నర్సు కిటికీలోంచి చూసి పడీ పడీ నవ్వింది. గుడ్డ ఎక్కడ వదులవుతుందో అప్పుడు తెలిసింది: లాగి పట్టడానికి రెండో చెయ్యి లేదు.

మర్నాడు రుమాలు ఒక కొస తలుపు సందులో ఇరికించాం. రెండో కొస మద్దిలేటి పళ్ళతో పట్టుకున్నాడు. గుడ్డను స్టంప్‌తో తలకు అదిమి, ఎడమచేత్తో మడత సర్దుకుంటూ, తానే గిర్రున తిరుగుతూ తలుపు దగ్గరికి రావాలి. మొదట మెడకు చుట్టుకుంది. తర్వాత కళ్ళు మూసేసింది. అతనికీ నవ్వొచ్చింది. గుడ్డ మీద కాసిని నీళ్ళు చిలకరిస్తే జారడం తగ్గింది. పండగ ఇంకా రాకముందే ఒక పొద్దున రుమాలు తల మీద నిలిచింది.

ఎడమ చెవి మీదికి ఒరిగి, బాగా వంకరగా ఉంది. సుంకమ్మ సర్దబోయింది.

"ముట్టుకోగాకు," అన్నాడు. "వంకరుంటే ఉండనీ. నేను కట్టుకునిండేది."

అప్పటికే నా చెయ్యి కూడా లేచి ఉంది. దించుకున్నాను. అతను అద్దం అడగకుండా షెడ్డు దాటి ఎండలోకి నడిచాడు. ఆ మధ్యాహ్నం రైలుకే బేతంచెర్ల వెళ్ళి పనిలో చేరాడు.

తర్వాత ఎందరికో గుండీలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం నేర్పాను. వంకరగా పెట్టుకున్న గుండీని సర్దకుండా ఊరుకోవడం నాకు ఈనాటికీ కష్టమే. అయినా ఊరుకుంటాను. అది వాళ్ళు పెట్టుకున్న గుండీ.