మా కేబుల్‌లో శనివారం జాజ్

నరసరావుపేటకు జాజ్ సంగీతం చూపించమని నాకెవరూ పని పెట్టలేదు. నా నోరే పెట్టింది.

మా మరిదికి ఊళ్లో కేబుల్ టీవీ ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రతి కేబుల్ ఆపరేటరుకూ సొంత ఛానల్ ఒకటి ఉండేది కదా, మావాడిదీ అంతే. మధ్యాహ్నం ఒక పాత సినిమా, సాయంత్రం మళ్లీ అదే సినిమా, మధ్యలో చీరల కొట్ల ప్రకటనలు, అడుగున పరిగెత్తే పుట్టినరోజు శుభాకాంక్షలు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఉండబట్టలేక, "నీ ఛానల్ చూసేవాళ్లకి బుర్ర కూడా ఉంటుందని నీకెవరైనా చెప్పారా?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదొదినా. నువ్వు చెప్పు. శనివారం ఆరింటికి అరగంట ఇస్తా" అన్నాడు చారు జుర్రుతూ.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. విశాఖపట్నంలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో షార్ట్‌వేవ్ రేడియోలో జాజ్ తగులుకుంది, ఇక వదల్లేదు. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఫుట్‌పాత్‌ల మీద ఏరుకొచ్చిన వీడియో క్యాసెట్లు ఏడు ఉండేవి నా దగ్గర. అవి పెడితే మా ఆయనకు కూరగాయలు తేవాలన్న సంగతి గుర్తొచ్చేది. ఇరవై ఏళ్లుగా ఒక్కదాన్నే వింటున్నాను. ఒక పాట బాగుందని అంటే, కాదు బాగాలేదని తగువుపడే మనిషి కూడా ఊళ్లో లేడు. నాకు అదీ లోటు.

ఒప్పందం ఏమిటంటే, నాలుగు శనివారాలు నావి. నాలుగోది అయ్యేసరికి జనం ఇంకా కావాలని అడగాలి. అడగకపోతే ఆ అరగంట పురుగుమందుల కంపెనీ వాళ్లు పత్తి రైతులకు చెప్పే సలహాలకు పోతుంది. వాళ్లు అప్పటికే మా మరిది చుట్టూ తిరుగుతున్నారు.

మంచి సంగీతానికి ఉపోద్ఘాతం అక్కర్లేదని నా సిద్ధాంతం. అందుకని మొదటి శనివారం ఒక్క మాటైనా మాట్లాడకుండా క్యాసెట్ పెట్టించాను. నలుపు తెలుపు బొమ్మ. కోటు వేసుకున్న నల్లాయన ఒకడు కళ్లు మూసుకుని శాక్సఫోన్ మీద నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఒక దిగులు రాగం తీస్తున్నాడు.

ఐదు నిమిషాలు కాకుండానే కంట్రోల్ రూములో ఫోను మోగింది.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదే! ఇది జాజ్ అండీ, అమెరికాలో..."

"దాచకండి మేడంగారూ. కొట్టు కట్టేయమంటారా, వద్దా? అది చెప్పండి చాలు."

అప్పుడు వెలిగింది నాకు. పెద్ద నాయకుడెవరైనా పోతే టీవీలో కార్యక్రమాలన్నీ ఆపేసి మాటల్లేని వాద్యం వేస్తారు. అది వినపడిన మరుక్షణం మా ఊళ్లో షట్టర్లు దించేస్తారు, తెరిచి ఉన్న కొట్టు మీద రాళ్లు పడతాయని భయం. కిటికీలోంచి చూస్తే మిఠాయి కొట్టూ, ఎరువుల కొట్టూ అప్పటికే సగానికి దిగాయి. వీధిలో పెళ్లికొడుకు ఊరేగింపు ఒకటి ఆగిపోయింది. బ్యాండు మేళం చప్పుడు లేదు.

ఆ మేళం మాస్టరే మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. జరీ భుజాల ఎర్రకోటు, చేతిలో క్లారినెట్.

"అమ్మగారూ, పెళ్లివారు కనుక్కురమ్మన్నారండి. వాయించుకోవచ్చా, ఆపెయ్యాలా?"

"నిక్షేపంగా వాయించండి! ఎవరూ చావలేదు!"

ఆయన కదల్లేదు. టీవీ వైపే చూస్తున్నాడు. "ఈయన ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడమ్మా? రెండు వరసలు అయిపోయినయ్యి, ఎక్కడా తెగలేదు... ఓర్నీ! ముక్కుతో పీలుస్తా బుగ్గలతో ఊదుతున్నాడండీ!"

కింద నుంచి డ్రమ్ములవాడి కేక: "ఒరేయ్, కనుక్కురమ్మంటే నువ్వు కూడా పోయావేంట్రా?"

రెండో శనివారం నా సిద్ధాంతం మార్చుకున్నాను. నల్లబల్ల పెట్టించి ఇరవై రెండు నిమిషాలు పాఠం చెప్పాను. ఆ సంగీతాన్ని అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తారనీ, అది పత్తి చేలల్లో చాకిరీ చేసిన బానిసల పాటల్లోంచి వచ్చిందనీ, పత్తి ఏరడమంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలుసుననీ ఆవేశపడ్డాను. ఒకే ఒక్క ఫోను వచ్చింది, ఇది ఏ పరీక్షకి అని.

"నువ్వు మాట్లాడుతుంటే నాకు హాజరు పలకాలనిపించిందొదినా" అన్నాడు మా మరిది.

మూడో శనివారం పాఠం తగ్గించి హుషారైన పాటలు వేశాను. ఒక్క ఫోనూ రాలేదు. నన్ను కనీసం తిట్టనైనా తిట్టని జనాన్ని నేను అంతకు ముందు ఎరగను. సోమవారానికల్లా పురుగుమందుల వాళ్ల బ్యానరు కంట్రోల్ రూములో చుట్ట చుట్టి నిలబెట్టి ఉంది.

మర్నాడు పిడుగురాళ్ల రోడ్డులో బ్యాండు మాస్టరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో కుర్చీ వేశాడు.

"వారం వారం చూస్తానే ఉన్నానండి. మీరు చెప్పింది తప్పండి" అన్నాడు కూర్చున్నానో లేదో.

"ఏం తప్పు?"

"అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తారని చెప్పారు గదా. ఎందుకు పుట్టిస్తాడో చెప్పలా. మా ఊరేగింపు చూడండి. పెళ్లికొడుకు కారు మేనమామగారి ఇంటి ముందు ఆగుద్ది. హారతి తేవాల, దిష్టి తియ్యాల, బావమరుదులు చిందులెయ్యాల. ఎంతసేపో ఎవడికీ తెలవదు. అందాకా పాట అయిపోగూడదు. అయిపోయిందంటే చిందులేసేవాళ్ల కాళ్లు ఆగిపోతయ్యి, నాకు తిట్లు పడతయ్యి. అందుకని డ్రమ్ములవాడు ఇంట్లో ఉంటాడు, అంటే దెబ్బ మార్చడు, నేను బాణీ వదిలేసి బజారుకెళ్తా. ఈ సందూ ఆ సందూ తిరుగుతా. కారు కదిలిందా, ఇంటికొచ్చేస్తా."

"అది వేరు, ఇది వేరు మాస్టారూ. దీనికి స్వరాల లెక్క ఉంది."

"మాది లెక్కలేని తిరుగుడంటారా?"

గంటసేపు వాదించుకున్నాం. ఆయన భార్య రెండోసారి టీ తెచ్చి, "కాస్త నెమ్మదిగా అరుసుకోండి, పక్కింటోళ్లు పంచాయితీ అనుకుంటన్నారు" అంది. ఇరవై ఏళ్లలో అంత తృప్తిగా నేనెవరితోనూ పోట్లాడలేదు.

నాలుగో శనివారం ఆయన్నీ డ్రమ్ములవాడినీ తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టాను. "ఇప్పుడు కారు మేనమామగారి ఇంటి ముందు ఆగిందండి" అని క్లారినెట్ ఎత్తాడు. పెళ్లిళ్లలో అందరూ విన్న బాణీ. దాన్ని వదిలేసి పోయాడు, ఎటో తిరిగాడు, మలుపు మలుపునా కొత్తగా ఏదో తగిలించుకుని వెనక్కొచ్చాడు. తరవాత నా క్యాసెట్ పెట్టించి బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, బజారుకి బయల్దేరాడు... సందు తిరిగాడు... తప్పిపోయాడంటారా? లేదండి, చూడండి... వస్తన్నాడు, వస్తన్నాడు... అదీ! ఇంటికొచ్చాడు!"

నేను మూడుసార్లు అడ్డుపడి సవరించాను, నా ధర్మం కాబట్టి.

ఫోను ఆగితే ఒట్టు. పెదకాకాని నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ ఒకరు, క్యాసెట్లో వెనక కూర్చున్న ఆ పియానో ఆయన బజారుకి ఎప్పుడు బయల్దేరతాడో మాస్టర్ని అడిగి చెప్పమన్నారు. వచ్చేవారం ఎన్నింటికని అడిగినవాళ్లు కొందరు. మా మరిది ఒక కాగితం మీద అన్నీ రాసుకుని నా ముందు పెట్టాడు.

"గెలిచావొదినా, శనివారం నీదే. కాకపోతే ప్రతివాడూ ఒకటే షరతు పెడుతున్నాడు."

"ఏమిటది?"

"మధ్యలో అడ్డం పడే ఆవిడ ఉండకూడదంట."

నేను ఒప్పుకున్నాను. నోటితోనే, మనసుతో కాదు. ఐదో శనివారం కెమెరా వెనక స్టూలు మీద కూర్చుని క్యాసెట్లు అందించడం నా పని. పావుగంట గడిచిందో లేదో, మాస్టరు తెర మీది నిలువెత్తు వాద్యం చూసి, "ఫిడేలు ఇంత పెద్దదేంటి అమ్మగారూ? విల్లు లేకుండా వేళ్లతో లాగుతున్నాడే?" అన్నాడు నేరుగా నా వైపు తిరిగి.

మా మరిది నోటి మీద వేలు పెట్టుకుని నన్ను గుడ్లురిమి చూశాడు.

అడిగిన మనిషికి జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు. కెమెరా వెనక నుంచే మొదలుపెట్టాను. నా ముఖం ఎవరికీ కనపడలేదు కానీ గొంతు ఊరంతటికీ వినపడింది. ఫోను మోగింది. మా మరిది ఎత్తి, ఒక నిమిషం విని, నా చేతిలో పెట్టాడు.

"మేడంగారూ, అయిందా?" అంది అవతలి గొంతు.

"లేదండీ, ఇంకా రెండు ముక్కలున్నాయి" అన్నాను.