ఎదురు గది మామ

పోయిన మంగళవారం పొద్దున్నే, నేను పెరిగిన బమ్రోలి మగ్గాల బస్తీ నుంచి ఫోన్ వచ్చింది. మామ నిద్రలోనే పోయాడట.

ఆయన మాకు చుట్టం కాదు. మా గదికి ఎదురు గదిలో ఒక్కడే ఉండేవాడు. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా మరమగ్గాల మీద పనిచేశాడు. అత్త నేను పుట్టకముందే పోయింది, పిల్లలు లేరు. మగ్గాల మోతకు చెవులు మందగించాక, ఆయనతో మాట్లాడేవాళ్లూ తగ్గిపోయారు.

తన చదువు ఐదో తరగతితో ఆగినా, నాకు చదవడం నేర్పింది ఆయనే. పాఠం చదివాక పుస్తకం తన చేతికి ఇచ్చేయాలి, గుర్తున్నది రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు నేనే వెతుక్కోవాలి. "సూసి రాస్తే చెయ్యి నేర్సుకుంటది బిడ్డా, నువ్వు కాదు" అనేవాడు.

బీకాం ఆఖరి ఏడాది మాకు మరమగ్గాల కార్మికుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఇరవై మందిని కలిసి వాళ్ల జవాబులు రాయాలి. గడువు దగ్గరపడింది. నేను గడప దాటకుండా ఇరవై పేర్లు, ఇరవై జవాబులు కల్పించి రాసేశాను. ఏం రాశావో వినిపించమన్నాడు మామ. చెవి దగ్గర గట్టిగా చదివాను. అందరూ తృప్తిగా ఉన్నారని రాసుకున్నాను. ఆయన చివరిదాకా విని, మెల్లగా అడిగాడు:

"ఎదురుంగనే ఉన్న గదా బిడ్డా. నన్నెందుకు అడగలే?"

ఆ కాగితాలు చించేసి, మర్నాడు ఆయన వెంట ఖటోదరా కార్ఖానాలకు పోయాను. అన్నాల వేళ ఒక్కొక్కరినీ నా ముందు కూర్చోబెట్టాడు. ఆఖర్న ఆయన్నీ అడిగాను. పని గురించి రెండు మాటలే చెప్పాడు. పనయ్యాక గదిలో ఎట్లుంటుందని అడిగితే మాత్రం చాలాసేపు మాట్లాడాడు. అంతసేపు మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

ప్రాజెక్టు వారం ఆలస్యమైంది. సార్‌కు కారణం దాచకుండా చెప్పాను. అయినా మార్కులు కోశారు. మామ తన పేరున్న పేజీ రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇప్పుడు అదే నగరంలో, ఆల్థాన్‌లో ఉంటూ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ప్రాజెక్టు తెస్తే, ఎవరెవరిని కలిశారని అడుగుతాను. మామను నేను కలిసి మాత్రం ఏడాది దాటింది.

మధ్యాహ్నం నేను చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. వచ్చిన నలుగురూ షిఫ్టుకు వెళ్లిపోయారు. గదికి తాళం పడింది. వరండా తీగ మీద ఆయన చొక్కా ఒక్కటే ఆరుతోంది. దాన్ని ఎవరు తీయాలో తెలియక, అలాగే వదిలేశారు.