ముందు సూది, తర్వాత కోడె

నా భార్యను నేనే బతికించుకున్నానని కోరుట్లలో అందరూ అంటారు. అది నిజం కాదు. ఆమె అరికాలి నల్లమచ్చ మెలనోమా క్యాన్సరని, గజ్జల్లోకి పాకిందని, వెంటనే ఇమ్యునోథెరపీ సూదులు మొదలుపెట్టాలని హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పాడు. అంత ఖరీదు మందు మాకెక్కడ దొరుకుతుందని నేను మళ్లీ ఆస్పత్రి గడప తొక్కలేదు. రాజన్న దేవుడి గుడి చుట్టూ కోడెను తిప్పి మొక్కు చెల్లిద్దామని ఆమెను వేములవాడ బస్సెక్కించాను.

పక్క సీట్లో సిరిసిల్ల నేతింటి ఆడమనిషి కూర్చుంది. నా భార్య కాలికున్న కట్టు చూసి, తన చెప్పు విడిచి అరికాలి మీది కోత గుర్తు చూపించింది.

"నాకూ గిదే రోగం అన్నా. సూది నడుస్తున్నది."

"మాకు దొరకదమ్మా."

"దొరకదని ఎవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. నేను అడగనేలేదు.

"సాయం ఇప్పిచ్చేటోళ్లు ఆస్పత్రిలనే ఉంటరు, పోయి అడుగు. రాజన్న యాడికి పోతడు? ముందు సూది, తర్వాత కోడె."

వేములవాడలో మాతోపాటు దిగి, ఆ సిరిసిల్ల ఆమె నా చేతిలోని సంచి లాక్కొని హైదరాబాద్ బస్సులో పెట్టింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు.

ఆస్పత్రిలో అడిగాను. వాళ్లే మందుల కంపెనీకి రాసి సాయం ఇప్పించారు. సూది మొదలైంది, గజ్జల్లోని గడ్డలు కరిగాయి.

మొన్న గుడి చుట్టూ కోడె తాడు పట్టుకొని నా భార్యే ముందు నడిచింది. వెనకబడ్డ నన్ను చూసి అరిచింది:

"జల్ది నడువుండ్రి! కాలు నొచ్చేది నాకా, మీకా?"