దొంగబండ మీంచి కనిపించిన దండేలు

పాతికేళ్ళ కిందట మా నాన్న జగ్గయ్యపేట దగ్గర ఓ కొండ కింది ఊళ్ళో కానిస్టేబులు. పైన దొంగబండ దగ్గర దాక్కున్న గజదొంగ ఎన్నిసార్లు చుట్టుముట్టినా దొరకలేదు. కబురు చేరవేసింది తోటి కానిస్టేబులు యేసోబేనని నాన్న అనుమానం. ఇప్పుడిద్దరిదీ నందిగామే, మధ్య రెండు వీధులు. మాటల్లేవు.

"ఒరేయ్, ఆ బండెక్కి చూసిరా. మేం కదలకముందే వాడికెలా తెలిసేదో!" అని నాన్న ఒకటే పోరు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి బస్సెక్కాను. టికెట్టు పన్నెండణాలు. పొగమంచులో మిరపచేలు తేలిపోతున్నాయి. నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో నాకే తెలియలేదు. పక్కన గంపతో కూర్చున్న ముసలామె నవ్వింది. "కొండెక్కటానికా? అక్కడేముంది నాయనా, గాలి తప్ప!"

ఎనిమిదింటికి జగ్గయ్యపేటలో ఇడ్లీ తిని, ఎడ్లబండి మీద కొండ కిందికి చేరేసరికి పది. ఎక్కడానికి గంట. వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు మరవకండి. పైన గాలికి కళ్ళు మూతలు పడ్డాయి. దూరంగా పాలేరు మెరుస్తూ, ఎటు పోతోందో తెలియకుండా పోతోంది. లేవబుద్ధి కాలేదు.

మేకలు తోలుకుంటూ ఓ తాత వచ్చి కూర్చున్నాడు. వయసులో ఉండగా ఆ దొంగకు మజ్జిగ పోశాడట.

"పోలీసుల కబురు ఎవరు చెప్పేవారు తాతా?"

"ఎవురూ చెప్పలేదండి. అదుగో, ఆ దండేలే చెప్పేయి."

కింద పోలీసు ఇళ్ళ వెనక వరసగా దండేలు. ఇప్పటికీ ఒకటీ అరా ఖాకీ చొక్కాలు ఆరుతున్నాయి.

"కొండ చుట్టుముట్టటానికి పెద్దాఫీసరు వత్తన్నాడంటే అందరిళ్ళల్లో ఒక్కరోజే గంజి పెట్టి ఆరేసేవోళ్ళు. అది చూసి ఆ దొంగ నవ్వుకుంటా అవతలేపుకి దిగిపోయేవోడు."

అమ్మ గంజి పెట్టిన చొక్కాలు గుర్తొచ్చాయి. ఎక్కడ ముడత కనిపించినా నాన్న ఇల్లు పీకి పందిరేసేవాడు. పకపకా నవ్వాను. అంతలోనే యేసోబు బాబాయి గుర్తొచ్చి చాలా బాధేసింది.

నాలుగింటి బస్సులో తిరిగొస్తుంటే మళ్ళీ అవే చేలు, అదే మగత. ఆ ముసలామె అన్నది నిజమే, కొండ మీద గాలి తప్ప ఏమీ లేదు. అయినా అంత హాయిగా, అంత దిగులుగా నేనెక్కడా కూర్చోలేదు.

ఇంటికి రాగానే నాన్నకు చెప్పాను.

"అయితే యేసోబు..." అని ఆగిపోయాడు.

మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా గడప దాటని మనిషి, గోడ పట్టుకుని లేచాడు.

"నా చెప్పులెక్కడ్రా?"