ఆకుపచ్చ డబ్బా

నస్రత్ బళ్ళో పాఠం చెప్పింది ఒక్క ఏడాదే. ఆ ఏడాది ఆమె పిల్లలకు నేర్పిన పాట దూదేకుల వీధిలో ఇప్పటికీ కొందరికి వచ్చు. ఎవరూ పైకి పాడరు.

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంది ఆ ఊరు. పత్తి, మిరప తప్ప మరో పంట ఎరగదు. దూదేకుల వీధిలో ఇంటరు పాసైన మొదటి ఆడపిల్ల నస్రత్. మొగుడు నజీర్ సైకిల్ వెనకాల విల్లు కట్టుకుని ఊరూరా తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇల్లు చేరేసరికి కనుబొమల మీద దూది నూగుతో ముసలివాడిలా ఉండేవాడు. నస్రత్ కొంగుతో ఆ నూగు తుడిచాకే అన్నం పెట్టేది.

సర్కారు వారు విద్యా వాలంటీర్లను పెట్టుకోమన్నప్పుడు, బడి కమిటీ ఛైర్మన్ చెంచయ్య తానే వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మదార్‌బీ, నీ కోడల్ని బడికి పంపు. చదువుకున్న పిల్ల, బీడీలు చుడుతూ కూచోటమేంటి?" అన్నాడు నస్రత్ అత్తతో.

"మీ దయ బాబూ" అంది మదార్‌బీ, మంచం దులిపి వేస్తూ.

చెంచయ్య చెడ్డవాడని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. పురుగుమందుల కొట్టు ఆయనది, నాలుగు చిల్లర సరుకులూ అక్కడే దొరుకుతాయి. ఎవరింట్లో ప్రాణం మీదికొచ్చినా ఆయన జీపే కదిలేది. మదార్‌బీకి గుండెనొప్పి వచ్చిన రోజున భోజనం ముందునుంచి లేచొచ్చి, ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోకుండా జీపు తీశాడు. అయితే ఆ ఉద్యోగం జూన్‌తో జూన్‌కే. జూన్ వచ్చిందంటే కమిటీ మళ్ళీ కూర్చుని, ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలి. ఆ సంగతి నస్రత్ నిద్రలో కూడా మరిచిపోలేదు. పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. దుకాణాల్లో రబ్బరు పరుపులొచ్చాయి.

హెడ్మాస్టరు అనంతపద్మనాభం గారు చీరాల నుంచి బస్సులో వచ్చేవారు. మరుసటేడు రిటైరవుతారు. రంజాను నెలలో నస్రత్ ఉపవాసం ఉంటే ఆయన ఆమె ఎదుట మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. క్యారేజీ పట్టుకుని బడి వెనక గోడ నీడకు పోయి, పిల్లిలా చప్పుడు కాకుండా తినొచ్చేవారు. అలాంటి మనిషి.

ఆ చలికాలం మండలంలో బోధనోపకరణాల మేళా పెట్టారు. ఖర్చు లేకుండా, ఊళ్ళో పారేసే వాటితోనే పాఠానికి పనికొచ్చే వస్తువులు చేసి తేవాలి. పాఠం, పరిసరాల రక్షణ. "ఇంట్లో అక్కర్లేనివి తీసుకురండి" అని నస్రత్ పిల్లలకు చెప్పింది. వేరే ఊళ్ళ పిల్లలైతే కొబ్బరిచిప్పలో, ఐసుపుల్లలో తెచ్చేవాళ్ళేమో. ఈ ఊరి పిల్లలు ఖాళీ పురుగుమందు డబ్బాలు తెచ్చారు. చంకన ఒకటి, చేతిలో ఒకటి. ఒకడు నెత్తిన కూడా పెట్టుకొచ్చాడు. కొన్నింట్లో కిరసనాయిలు పోసుకున్నారు, ఒకదాన్లో ఉప్పు. దూదేకుల వీధిలోని బుడే కూతురు ఖుర్షిదా తెచ్చిన డబ్బాలో అయితే మజ్జిగ వాసన.

"మజ్జిగ ఎవరు పోశారే ఇందులో?"

"మా అమ్మ, టీచర్. చేలోకి పట్టుకెళ్తది. బూడిదేసి తోమిందిలే!"

నస్రత్ మూత తీసి మళ్ళీ వాసన చూసింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి డబ్బాలన్నీ వరసగా నిలబెట్టింది. ప్రతి డబ్బా మీదా మూలమీద నిలబడ్డ చదరం గుర్తు ఒకటి ఉంటుంది, గాలిపటంలా. దాని కింది సగంలో రంగు. ఎరుపైతే విషాల్లోకెల్లా విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ వాటన్నిటికంటే కాస్త నయం, అంతే. అక్షరాలు రానివాళ్ళకు కూడా రంగులు తెలుస్తాయి కదా! పాత క్యాలెండరు కాగితాల వెనక నాలుగు పెద్ద గాలిపటాలు గీసి గోడకు అతికించింది. ఒకటో తరగతి పిల్లలకు కూడా నోటికి రావాలని పాట కట్టింది.

ఎర్రని ముట్టకు,
పసుపుని పట్టకు,
నీలాన్ని తాకకు,
ఆకుపచ్చకు జడవకు.

ఆఖరి ముక్క దగ్గర ఆమె కాసేపు ఆగింది. ఆకుపచ్చదీ మందే, జాగ్రత్తగానే ఉండాలి. కానీ నాలుగు చరణాల్లోనూ వద్దు వద్దంటే పిల్లలకు పాటెలా అవుతుంది? చివర్న కాస్త ధైర్యం చెబుదామనుకుంది. పిల్లలు ఆ చివరి చరణానికే చప్పట్లు కొట్టి గంతులేశారు.

పాట ఇళ్ళకు పోయింది. ఖుర్షిదా తల్లి గుల్షన్ మజ్జిగ డబ్బాను దిబ్బలో పారేసి, "మీ టీచరమ్మ పుణ్యమా అని స్టీలు క్యాను కొనాల్సొచ్చింది" అని మురిపెంగానే తిట్టింది. ఆ తర్వాత పాట కొట్టు దాకా పోయింది. అగ్గిపెట్టె కోసం వెళ్ళిన ఖుర్షిదా, అరుగు మీద రైతులంతా కూర్చుని ఉండగా, అలమరలకేసి తలెత్తి చూసింది.

"చెంచయ్య తాతా! నీ కొట్టు నిండా ఎర్ర గాలిపటాలే! నిన్ను కూడా ముట్టుకోగూడదేమో!"

అరుగంతా గొల్లుమంది. "ఏరా చెంచయ్యా, ఇక నీకు దూరంగా కూచోవాల్రోయ్!" అన్నాడు బాపయ్య, తొడ కొట్టుకుని. బాపయ్య తమ్ముడు, పత్తి పంట పోయిన ఏడు, చేలోనే మందు తాగి చచ్చిపోయాడు. ఆ డబ్బా ఈ కొట్లోదే. నవ్వుతున్న బాపయ్య ఉన్నట్టుండి ఆగిపోయాడు. అరుగు మీద ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు.

చెంచయ్య పిల్లకు అగ్గిపెట్టెతో పాటు పిప్పరమెంటు బిళ్ళ కూడా చేతిలో పెట్టి పంపించాడు. మర్నాడు బడికొచ్చాడు.

"మాస్టారూ, బడికి సున్నం కొట్టించిందెవరు? బెంచీలు వేయించిందెవరు? నా కొట్టు మీద పాటలు కట్టిస్తారా?" గొంతు పెంచలేదాయన. నస్రత్ వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు మా ఇంటి పిల్లవనే కదా తెచ్చి పెట్టింది" అన్నాడు.

"మీ మీద కాదు బాబాయ్‌గారూ. పిల్లలు వాటిల్లో మజ్జిగ పోసుకు తాగుతున్నారు..."

"తాగితే తల్లులకుండాలి బుద్ధి. జూన్ ఎంతో దూరం లేదు, చూసుకో."

ఆయన వెళ్ళాక అనంతపద్మనాభం గారు గోడ మీది కాగితాలు చిరక్కుండా, గోరుతో జాగ్రత్తగా ఊడదీశారు. "భయపెట్టేది ఎందుకమ్మా? అందంగా ఉండేది చేద్దాం. ఈ డబ్బాలకే రంగులేసి, చిన్నవి మొక్కలకు నీళ్ళు పోసేందుకు, పెద్దవి పూలకుండీలుగా పెడదాం. మేళాలో చూసేవాళ్ళకు కన్ను తిప్పబుద్ధి కాకూడదు. పోయేముందు ఒక్క బహుమతి అయినా తీసుకుపోవాలని ఉందమ్మా నాకు."

"డబ్బాలొద్దు సార్. కావాలంటే కుండపెంకులతో చేస్తాను."

"మళ్ళీ ఆయన్తో పేచీ ఎందుకు? నీకూ జూన్ ఉంది కదా!"

ఆయన బెదిరించాలని అనలేదు. ఆమె బాగుకోరే అన్నారు. నస్రత్ ఇంటికొచ్చి అత్త మాత్రల సీసా చూసింది, మూలన వదులైపోయిన నజీర్ విల్లు చూసింది. నమాజులో చాలాసేపు కూర్చుంది. మర్నాడు బ్రష్షు పట్టుకుంది.

రంగు చెంచయ్యే పంపాడు, గేటుకు వేయించగా మిగిలింది. ఆకుపచ్చ. మేళాకు పనికొస్తాయని తన కొట్టు వెనక పోగుపడ్డ ఖాళీ డబ్బాలు కూడా గోనెలో వేసి పంపాడు, పెద్దమనసుతోనే. నస్రత్, పిల్లలు కలిసి డబ్బాల మీది కాగితాలు నానబెట్టి గోకేశారు. గాలిపటాలన్నీ ఉండలు చుట్టుకుని మురిక్కాలవలో కొట్టుకుపోయాయి. తోమగలిగినన్ని తోమారు. ఆఖరు గోనె మాత్రం మేళా రోజు పొద్దున వచ్చింది.

"ఇవి కడగలేదు సార్. అడుగున ఏదో కదుల్తోంది."

"లోపలెవరు చూస్తారమ్మా? మూత బిగించి పైన రంగెయ్యి. బస్సొచ్చేస్తోంది."

ఆమె మూతలు బిగించి రంగేసింది. తెల్లరంగుతో గుండ్రటి దస్తూరీలో రాసింది కూడా, "నీరే ప్రాణం" అని.

బహుమతి వచ్చింది. కుచ్చులు వేలాడే బహుమతి జెండా పట్టుకుని అనంతపద్మనాభం గారు బస్సులో నించునే వచ్చారు, నలుగుతుందేమోనని. చెంచయ్య పిల్లలందరికీ లడ్డూలు పంచి, మొదటి లడ్డూ నస్రత్ చేతిలో పెట్టాడు. "చూశావా అమ్మాయ్, నా డబ్బాలకు కూడా మంచి పేరొచ్చింది!" డబ్బాల్ని బడి గోడ వెంట పేర్చారు. కడగనివి వేరేగా పైవరసలో పెట్టింది నస్రత్. ఎవరూ ముట్టుకోవద్దంది. ఎందుకని పిల్లలడిగితే, రంగు ఆరలేదంది. మందుందని చెబితే మళ్ళీ కొట్టు దాకా పోతుందని భయం.

మిరప కోతలొచ్చాయి. బడిలో సగం మంది పిల్లలు తల్లుల వెంట చేలకు పోయారు. గుల్షన్ కొన్న స్టీలు క్యానును ఎవరో కల్లంలోంచి ఎత్తుకుపోయారు. నీళ్ళు తీసుకెళ్ళేందుకు ఏమీ లేక ఖుర్షిదా బడికొచ్చింది. రంగు ఆరిపోయిందిగా. బెంచీ ఎక్కి పైవరసలోంచి ఒక డబ్బా అందుకుంది, అన్నిటికంటే నిగనిగలాడేది. పంపు దగ్గర నింపుకుని చేలోకి పరిగెత్తింది.

ఆ ఊరి గాలే మందు వాసన. కోతలనాడు ఎవరి ముక్కుకు ఏం తెలుస్తుంది?

మధ్యాహ్నం నాలుగో తరగతికి లెక్కలు చెబుతుంటే కేకలు వినబడ్డాయి. నస్రత్ బయటికొచ్చేసరికి చెంచయ్య జీపు బడి ముందునుంచి దూసుకుపోతోంది. వెనక సీట్లో గుల్షన్ ఒళ్ళో పిల్ల. నోటి వెంట నురగ, కాళ్ళు తన్నుకుంటున్నాయి. "పక్కకు తప్పుకోండిరా!" అని చెంచయ్య గొంతు చించుకుంటున్నాడు. ఆయన చొక్కా ముందంతా పిల్ల కక్కినదే. గుంటూరు పెద్దాసుపత్రికని బయల్దేరారు. సగం దారిలో జీపు వెనక్కి తిరిగింది.

విచారణకు మండలం నుంచి అధికారి వచ్చారు. డబ్బాలు ఎవరు తయారు చేశారని అడిగారు. అనంతపద్మనాభం గారు అంగవస్త్రంతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మా వాలంటీరండీ."

"కడక్కుండా రంగేసిందెవరు?"

"ఆ అమ్మాయేనండీ."

అందులో అబద్ధమేమీ లేదు. నస్రత్ నోరు తెరవబోయి ఆయన వైపు చూసింది. ఆయన బస్సొచ్చే దారి వైపు చూస్తున్నారు. అంతా అయిపోయాక ఆమె గేటు దాటుతుంటే గబగబా వెనకాలే వచ్చారు. "ఎండ మండిపోతోందమ్మా, ఈ గొడుగు తీసుకెళ్ళు" అని చేతిలో పెట్టారు. ఆమె తీసుకుంది.

జూన్ దాకా ఆగనవసరం లేకపోయింది. చెంచయ్య మళ్ళీ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు, మనిషి సగమై. "నీ మీద నాకేం కోపం లేదమ్మాయ్. ఊరు ఊరుకోదు. నువ్వు రావద్దు." వెళ్తూ వెళ్తూ మదార్‌బీ మాత్రలు అయిపోతే కబురు చెయ్యమన్నాడు. వీధిలో మాత్రం ఆడవాళ్ళు నస్రత్‌ను చూసి పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. "టీచరమ్మ వస్తోందే, రంగేసిపోతది!" అని ఒకామె వినబడేలాగానే అంది.

ఖుర్షిదా నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థన అయ్యాక నస్రత్ గుల్షన్ ఇంటికి వెళ్ళింది. వద్దని నజీర్ చెయ్యి పట్టుకున్నాడు. అయినా వెళ్ళింది. గడపలోనే కూలబడింది.

"వదినా, ఆ డబ్బాలో మందుందని నాకు తెలుసు. పిల్లలకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని చెప్పలేదు."

గుల్షన్ చేటలో మిరపకాయల తొడాలు తీస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ముందు నాకే ఇచ్చింది, తాగమని. మళ్ళీ మందు డబ్బా తెచ్చావేంటే అని కసిరాను. 'ఎర్రది కాదమ్మా, చూడు, ఆకుపచ్చది. టీచరు జడవొద్దంది' అంది. పాట కూడా పాడింది. సరేలే, ఈ సాలు అయ్యాక తాగుతానన్నాను. నేను సాలు చివరికి పొయ్యేలోపు అదే తాగింది."

నస్రత్‌కు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది.

గుల్షన్ చేట పక్కన పెట్టి లేచింది. మిరప ఘాటంటిన చేతులు రెండుసార్లు కడుక్కుంది. కుండలోంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచింది. గుమ్మంలోకొచ్చిన మనిషికి ఎవరైనా ఇచ్చేట్టే, కుడిచేత్తో అందించింది.

"తాగు వదినా. ఎండన పడొచ్చావు."

నస్రత్ గ్లాసు అందుకుంది. గుల్షన్ కదలకుండా ఎదురుగా నిలబడింది, ఖాళీ గ్లాసు తీసుకోవడానికి. నస్రత్ నీళ్ళన్నీ తాగేసింది.