తమ్ముడి రెండు ఫిల్ములు

మా ఇంటి గ్రామ మునసబీ పోయాక మా తమ్ముడు లారీ ఎక్కాడు. మాచర్ల నాపరాళ్ళు బొంబాయి దాకా తోలేవాడు. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో తాతల నాటినుంచి కుర్చీలో కూర్చుని కబురంపడమే గాని, ఒకరి బండి తోలినవాళ్ళు మా ఇంట లేరు. ఆ మాటే వాడితో అన్నాను. "ఆ కుర్చీ కాళ్ళు చెదలు తిని చానా రోజులైంది గదన్నయ్యా" అని నవ్వాడు.

ఎనభైల చివర్లో ఒక వేసవిలో పొడి దగ్గుతో ఇంటికొచ్చాడు. నరసరావుపేటలో ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదన్నారు. నెల తిరిగేసరికి వాకిట్లోంచి వసారాలోకి నడిచినా ఆయాసమే. మళ్ళీ తీయించి, రెండు ఫిల్ములూ పట్టుకుని గుంటూరు బస్సెక్కాం.

పక్క సీట్లో పెద్దాయన అడక్కుండానే కవరు అందుకుని, కొత్త ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. మా వైపు టీబీ ఎరగని ఇల్లు తక్కువ. ఫిల్ము చూసి జబ్బు చెప్పడం అందరికీ వచ్చినట్టే.

"బొక్క లేదు, మచ్చ లేదు. టీబీ కాదులే నాయనా."

మా ఇంటి రోగం పరాయివాడి చేతిలో ఉండటం నాకు నచ్చలేదు. అయినా ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లో ఆ జబ్బు పేరు పైకి అనరు. మేనత్త దానితో పోతే ఉబ్బసమన్నారు.

గుంటూరు డాక్టరు తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టి, రెండు ఫిల్ములూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టాడు. కొత్తదాంట్లో గుండెకు రెండు వైపులా మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. గడ్డ లేదు, నీరు లేదు. ఇదొక రకం నిమోనియా, ఇలాంటిది పుస్తకాల్లోనే చూశానన్నాడు. ఒంట్లో తట్టుకునే శక్తి పోయినవాళ్ళకే దీని క్రిమి ఇలా పట్టుకుంటుందట. అది బూజు జాతిదని తర్వాతెప్పుడో విన్నాను. ఎయిడ్స్ అనే మాట ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. రక్తం మద్రాసు పంపాడు. అనుమానం నిజమేనని అక్కణ్ణుంచి కబురొచ్చేసరికి వాడు లేడు.

ఈ నిమోనియాకు బిళ్ళలు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూస్తానన్నాడు. అసలు జబ్బుకు మాత్రం మందు లేదన్నాడు.

"మళ్ళీ ఒకసారి చూడండి. ఎక్కడా చిన్న మచ్చయినా లేదా?" అన్నాను. టీబీకయితే సూదులున్నాయి. ఎవరి దగ్గరా చెయ్యి చాచని నేను ఆ పూట మా ఇంటికి టీబీని అడుక్కున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

బిళ్ళలు వేశారు, ఆక్సిజన్ పెట్టారు. వాడి గోళ్ళు నీలంగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మూతి మీది తొడుగు పక్కకు జరిపి, డాక్టరు ఏందంటున్నాడని అడిగాడు.

"టీబీ" అన్నాను.

వాడి మొహం తేటపడింది.

"అయితే తగ్గుద్ది" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఊళ్ళో మాత్రం నిమోనియా అని చెప్పు. మన ఇంటి పరువు పోద్ది."

అట్లాగే చెబుతానన్నాను. తొడుగు మళ్ళీ వాడి ముక్కు మీదికి జరిపాను. వాడు డొక్కలు ఎగరేసి లాగుతూనే ఉన్నాడు, గాలి చాలడం లేదు. ఆ తొడుగు జారకుండా పట్టుకుని నిలబడ్డాను.